అవిసె గింజలు చల్లితే నీలం పూల మొక్కలొచ్చాయి, మా అమ్మ అడిగిన అవిసి చెట్టు గింజలు ఎక్కడ దొరుకుతాయండి?

కోటదగ్గర_ఇల్లు:
అందరికీ నమస్కారం అండి. మేం విజయనగరంలో ఉంటున్నాం, అమ్మది మందస వైపు పల్లె, నాన్న పోయాక పోయినేడాది నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. అక్కడ మా నూతి గట్టు పక్కన ఒక అవిసి చెట్టు ఉండేది, అమ్మే గింజేసి పెంచింది, 2018లో తిత్లీ తుపానుకి మొదలు దగ్గర ఫట్‌మని ఇరిగిపోయింది, కొబ్బరి చెట్లు జీడితోట అన్నీ పోయిన రోజు కాబట్టి ఆ చెట్టు గురించి అప్పుడెవరం మాట్లాడుకోలేదు. ఇప్పుడు అమ్మకి డెబ్బై దాటాయి, అన్నం సరిగ్గా తినట్లేదు, ఏటి తినాలనుందమ్మా అంటే అవిసాకు కూర అంటాది. ఇక్కడ రైతుబజారులో నాలుగు ఆదివారాలు తిరిగాను, తోటకూర, బచ్చలి, గోంగూర, పొన్నగంటి అన్నీ ఉన్నాయి గానీ అవిసాకు లేదు.

సరే మనమే పెంచుదాం అని కార్తీకంలో కిరాణా షాపులో అవిసె గింజలు పావుకిలో కొని పెరట్లో చల్లాను. మొలకలు బాగానే వచ్చాయి, సన్నగా పుల్లల్లాగ మోకాలెత్తు ఎదిగి సంక్రాంతికి లేత నీలం పూలు పూశాయి, పొద్దున్న పూసి మధ్యాహ్నానికి రేకులు రాలిపోతున్నాయి. అమ్మ చూసి ఇది అవిసి కాదురా అంది, ఆవిడ ముఖం చూస్తే చాలా బాధేసింది. అసలు నేను ఏం కొన్నాను, అసలు చెట్టు గింజలు ఎలా సంపాదించాలి, ఇంకోటి ఆ కూర చేదు లేకుండా ఎలా వండాలో కూడా చెప్పండి, అమ్మకి చెయ్యి వణుకుతాది, నేను వండి పెడదామని.

నాగావళి_ఒడ్డు:
మీరు చల్లినవి నూనె తీసే అవిసె గింజలండి, షాపుల్లో గుండెకి మంచిదని అమ్ముతారు చూడండి గోధుమ రంగులో మెరుస్తూ, అవే. దాన్ని ఇంగ్లీషులో ఫ్లాక్స్ అంటారు, నారబట్ట వచ్చేది కూడా ఆ మొక్క నుంచే. నీలం పువ్వు, మధ్యాహ్నానికి రేకులు రాలడం, అన్నీ దాని లక్షణాలే. మీ తప్పు ఏం లేదు, తెలుగులో రెండిటికీ ఒకటే పేరు పడిపోయింది, మా ఆఫీసులో కూడా ఒకాయన ఇలాగే చల్లారు.

మీ అమ్మగారు చెప్పేది చిక్కుడు కుటుంబం చెట్టు, శాస్త్రీయ నామం సెస్బేనియా గ్రాండిఫ్లోరా, సంస్కృతంలో అగస్త్య అంటారు, తమిళం వాళ్ళు అగత్తి అంటారు. మన పొలాల్లో పచ్చిరొట్టకి వేసే జీలుగ ఉంది కదా, దానికి ఇది పెద్దక్క లాంటిది, ఆకు కూడా అలాగే చింతాకు పెద్దదైతే ఎలా ఉంటాదో అలా వరసగా ఉంటాది. కాకపోతే జీలుగకి చిన్న పసుపు పూలు, దీనికి కొడవలిలాగ వంగిన పెద్ద తెల్ల పువ్వు, కొన్నిటికి ఎర్ర పువ్వు. ఎవరైనా ఆకు చూపించి అవిసి అంటే పువ్వు గానీ కాయ గానీ చూశాకే నమ్మండి. కాయ మూర దాకా పొడుగ్గా సన్నగా వేలాడుతూ ఉంటాది.

పోషకాల సంగతి కూడా చెప్తాను, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో 100 గ్రాముల అవిసాకుకి కాల్షియం 1130 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు 8.4 గ్రాములు ఉంది. ఆవుపాలల్లో కాల్షియం 120 దగ్గర ఉంటాది. మొత్తం ఒంటికి పట్టదు అనుకోండి, అయినా పెద్దావిడ అడిగింది మంచి ఆకే.

ఆకుతోట_మావయ్య:
బాబూ, మా నాన్న తమలపాకు తోట చేసేవారు. ముందు అవిసి గింజలు సాళ్ళు సాళ్ళుగా వేసి, అవి ఎదిగాక తమలపాకు తీగ దాని మీదకి పాకించేవాళ్ళం, తీగకి నీడా అదే, ఊతం అదే. కాబట్టి గింజ కావాలంటే తమలపాకు తోట చేసే రైతుని అడుగు, లేదంటే ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్ళ పెరళ్ళలో చూడు, వాళ్ళు అగస్తి పువ్వు కోసం పెంచుకుంటారు. ఎండిన కాయ రెండు దొరికితే నీకు చాలు, ఒక్కో కాయలో పాతిక దాకా గింజలుంటాయి.

ఇప్పుడు వెయ్యొచ్చు గానీ ఎండల్లో నీళ్ళు పోసుకోలేక అవస్థ పడతావు, ఆషాఢం వానలకి వెయ్యి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి అరంగుళం లోతులో పెడితే వారం పది రోజుల్లో లేస్తాది. ఎరువు అక్కర్లేదు, చిక్కుడు జాతి కాబట్టి వేరు బుడిపెల్లోనే నత్రజని కట్టుకుంటాది. ఏడాది తిరిగేసరికి నీ ఎత్తు దాటిపోతాది.

ఇక్కడ జాగ్రత్తగా విను. చెట్టు ఎదిగింది కదా అని మాను అడ్డంగా నరికేసినా, ఆకంతా దూసేసినా అది మళ్ళీ కోలుకోదు, చచ్చిపోతాది. మునగ లాగ మొండెం నుంచి చిగురించే చెట్టు కాదిది, మేం అలాగే నాలుగు చెట్లు పోగొట్టుకున్నాం. పక్క కొమ్మలే కొయ్యాలి, పైన ఎప్పుడూ కొంత ఆకు ఉంచాలి. కలప బెండులాగ మెత్తన, గాలికి ఆగదు, అందుకే మీ నూతి గట్టు చెట్టు అలా ఇరిగింది. ఇంటి గోడకి, కరెంటు తీగకి దూరంగా వెయ్యి. ఒకటి కాదు రెండు మూడు వెయ్యి, ఎలాగూ దీర్ఘకాలం బతికే చెట్టు కాదు, రెండేళ్ళకోసారి కొత్త గింజ వేస్తూ ఉంటే అమ్మకి ఆకు తప్పదు. ఆకు మిగిలితే మేకకి, ఆవుకి వెయ్యొచ్చు, ఇష్టంగా తింటాయి. కోళ్ళకి మాత్రం వెయ్యొద్దు, వాటికి విషం.

సంతకవిటి_కోడలు:
అన్నయ్యా, వంట నేను చెప్తాను, మా అత్తగారు ద్వాదశి పారణకి ఈ కూర తప్పకుండా చేస్తారు, ఏకాదశి అంతా ఉపవాసం ఉండి మర్నాడు మొదటి ముద్ద అవిసాకుతోనే.

ముదురాకు వద్దు, చిగురుకి కింద రెండు మూడు రెమ్మలు చాలు. రెమ్మని చివర పట్టుకుని వెనక్కి దూస్తే ఆకులన్నీ చేతిలోకి వచ్చేస్తాయి, ఈనె పారేయండి, ఈనె ఉంటే పీచు పీచుగా ఉంటాది. కడిగి సన్నగా తరిగి, పసుపు ఉప్పు వేసి నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి చల్లారాక పిండేస్తే సగం చేదు పోతాది, మొత్తం పోగొట్టకండి, ఆ కొంచెం చేదు కోసమే పెద్దవాళ్ళు అడుగుతారు. పెసరపప్పు ఒక గుప్పెడు ముందే నానబెట్టి పలుకుగా ఉడికించుకోండి. మూకుడులో నూనె వేసి మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, ఆకు వేసి తడి ఇగిరిపోయేదాకా వేయించి, పప్పు, పచ్చికొబ్బరి కోరు, చింతగింజంత బెల్లం వేసి దించడమే. మందస వైపు వాళ్ళు ఆవ పెడతారు అనుకుంటా, అమ్మని అడగండి, ఆవ అయితే దించాక కలపాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కిపోతాది, అసలే చేదు కూర.

పువ్వులొస్తే వదలకండి. కింద పచ్చ తొడిమ, లోపల కేసరాలు లాగేస్తే చేదు పోతాది, శనగపిండిలో ముంచి బజ్జీ వేస్తే పళ్ళు లేనివాళ్ళు కూడా తినగలరు. తెల్ల పువ్వే రుచి, ఎర్రది మేం వండం.

ఉద్దానం_బిడ్డ:
మందస అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వైపే కాబట్టి ఈ మాట అడక్కుండా ఉండలేకపోతున్నాను, అమ్మగారికి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తం టెస్టు ఎప్పుడైనా చేయించారా? మా ఇంట్లో ఇద్దరు కిడ్నీ పేషెంట్లు, మా పెదనాన్న డయాలసిస్ మీద నాలుగేళ్ళు ఉన్నారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఆకుకూరల్లో పొటాషియం ఒంట్లో నిలిచిపోయి గుండె మీదకి వస్తాది, అందుకే డాక్టర్లు కొలతేసి తినమంటారు. కిడ్నీలు బాగుంటే ఏ భయం లేదు, హాయిగా పెట్టండి. అన్నం సరిగ్గా తినట్లేదు అన్నారు కదా, అది ముసలితనం అని వదిలేయకుండా ఒకసారి రక్తం టెస్టు చేయించేయండి, మా పెదనాన్నకి కూడా ముందు ఆకలే పోయింది.

కోటదగ్గర_ఇల్లు:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇన్నాళ్ళు ఆగి జవాబు రాస్తున్నాను ఏమనుకోకండి. తమ్ముడూ నీ మాట చదివిన మర్నాడే టెస్టు చేయించాను, క్రియాటినిన్ 0.9 వచ్చింది, డాక్టరు గారు కిడ్నీలు బాగున్నాయి అన్నారు, రక్తం తక్కువుందని మందు రాశారు, ఇప్పుడు కొంచెం తింటోంది.

మావయ్యగారూ, సోంపేట దగ్గర మా చెల్లి అత్తారి వీధిలో చెట్టు దొరికింది, తెల్ల పువ్వుదే, చెల్లి ఎండుకాయలు పంపింది. ఆషాఢంలో తొలి వాన పడ్డాక అమ్మ కుర్చీలో కూర్చుని చూపిస్తుంటే ఆరు గింజలు పెట్టాను, నాలుగు లేచాయి. మొన్న మోకాలెత్తు వచ్చాయి. అమ్మ ఒక రెమ్మ నలిపి వాసన చూసి ఇదేరా అంది. సంతకవిటి కోడలుగారు చెప్పినట్టు ఆవ సంగతి అమ్మని అడిగాను, ఆవా కొబ్బరీ రెండూ అంటండి.

ఒక్క డౌటు. నాలుగు రోజుల్నించి ఆకుల మీద సన్నటి పచ్చ పురుగులు, ఒక మొక్కకి సగం ఆకు తినేశాయి. చుట్టూ చిన్న పసుపు సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి. మందు కొట్టొచ్చా?

ఆకుతోట_మావయ్య:
మందు కొట్టకు బాబూ, తినే ఆకు. ఆ పసుపు సీతాకోకచిలుకల పిల్లలే అవి, పొద్దున్నే ఆకు తిరగేసి చూస్తే ఈనె వెంబడి పడుకుని ఉంటాయి, ఈనె రంగులోనే ఉంటాయి కాబట్టి కళ్ళు పెట్టి చూడాలి, చేత్తో ఏరి పారెయ్యి. నాలుగు మొక్కలే కదా, పది నిమిషాల పని. సగం ఆకు పోయినదాన్ని ఈ నెల ముట్టుకోకు, మిగతా వాటికి నడుమెత్తు దాటాకే మొదటి రెమ్మ కొయ్యి.