అప్‌డేట్: హైవే పక్కన చూసిన ఆ బోర్డు సంగతి

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో బాల్డ్విన్ సిటీ దగ్గర ‘బ్లాక్ జాక్’ అని రాసున్న బోర్డు ఏమిటని మొన్న అడిగాను కదా, ఆదివారం వెళ్లి చూసొచ్చాం. ఆ పేరున్న పేకాటతో సంబంధం లేదండీ, అదో రకం ఓక్ చెట్టు పేరు! 1856 జూన్ 2న బానిసత్వాన్ని వ్యతిరేకించే జాన్ బ్రౌన్ మనుషులకీ, సమర్థించే హెన్రీ క్లే పేట్ దండుకీ అక్కడే కాల్పులు జరిగాయట. తన కొడుకులిద్దర్ని పట్టుకున్నారన్న మంట బ్రౌన్‌కి ఎలాగూ ఉంది. పేట్ తెల్లజెండా పంపి సంధి మాట్లాడబోతే, బ్రౌన్ కుదరదు, లొంగిపోవాల్సిందేనన్నాడు. లొంగదీశాడు కూడా. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధానికి ఇంకా ఐదేళ్లుంది అప్పటికి.

నాకైతే బోర్డు కంటే, పక్క గడ్డిమైదానంలో శాంటా ఫే బాట (పూర్వం వర్తకుల బండ్లు వెళ్లిన దారి) మీది బండ్ల చక్రాల జాడ ఇంకా పల్లంగా కనిపించడమే ఆశ్చర్యం. మావాడు అందులో దిగితే గడ్డి నడుముదాకా వచ్చింది. చెప్పులతో మాత్రం వెళ్లకండి, పురుగులు కుట్టేస్తాయి.