వెదరింగ్‌ను తెలుగులో ఏమనాలి?

గవర్నరుపేట: 1/35 స్కేలు టీ-55 ట్యాంకు మోడల్‌కి చివర్లో చేసే పనుల మీద హైస్కూలు పిల్లల కోసం తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నాం. 'వెదరింగ్' దగ్గర, అంటే కొత్త మోడల్‌ని ఎండావానల్లో వాడి నలిగినట్టు కనిపించేలా చేయడం దగ్గర, ఆగిపోయాం. 'వాతావరణీకరణ' అని ఒకరు, 'శిథిలీకరణ' అని ఇంకొకరు రాశారు. రెండూ నోరు తిరగవు. వాడుకలో మంచి మాట ఉంటే చెప్పండి.

బ్రాడీపేట: ఆ రెండూ వద్దండీ. శిథిలం అంటే కూలిపోయినది. ఈ ట్యాంకు నడుస్తూనే ఉంది, కాస్త నలిగిందంతే. మొత్తం పనికి 'పాతదనం తేవడం' చాలు. లోపల మాత్రం ఒక్కో పనికి ఒక్కో క్రియ వాడండి: ఎండకు వెలిసిపోతుంది, వానకు చార కడుతుంది, బూటు తగిలి పెచ్చు లేస్తుంది, పొగకు మసిబారుతుంది, సందుల్లో మడ్డి పడుతుంది. కారణం మాటలోనే ఉంది కాబట్టి కుంచె ఎక్కడ పెట్టాలో పిల్లలకు తెలిసిపోతుంది. మసి అన్నామనుకోండి, టీ-55కి పొగగొట్టం ఎడమ ఫెండరు (ట్రాకు పైన ఉండే మడ్‌గార్డు రేకు) మీద, వెనక వైపు ఉంటుంది. కుడి ఫెండరుకు మసి పూస్తే తప్పే.

సత్యనారాయణపురం: మరి సందుల్లోకి పల్చటి రంగు పారించే 'వాష్' సంగతి? 'కడగడం' అని రాస్తే పిల్లలు నీళ్లు తెచ్చి నిజంగానే కడుగుతారు.

బ్రాడీపేట: 'మడ్డి పట్టించడం' అనండి. చేసేది కూడా అదే. బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగు ఒక వంతుకు టర్పెంటాయిల్ పది వంతులు. సన్న కుంచె మొనతో బోల్టు మొదట్లో, ప్లేట్ల అతుకు దగ్గర తాకించి వదిలేస్తే రంగు దానంతటదే సందు వెంట పాకుతుంది. ఇరవై ముప్పై నిమిషాలాగి, టర్పెంటాయిల్‌లో ముంచి గుడ్డకు ఒత్తేసిన కుంచెతో పైపైన తుడవాలి. దీనికి ముందు గ్లాస్ (మెరిసే) వార్నిష్ వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. నేరుగా మ్యాట్ (మెరుపు లేని) పూత మీద పెడితే రంగు ఇంకిపోయి చుట్టూ చార కడుతుంది, తుడిచినా పోదు. సందుల్లో మడుగు కట్టేంత పోయకండి. టర్పెంటాయిల్ లోపలికి దిగితే, బిగువుగా అతికించిన చోట ప్లాస్టిక్ పగులుతుంది.

అరండల్‌పేట: 'చిప్పింగ్'కి పెచ్చు సరైన మాటే. గీత, అరుగుదల వేరు, వాటిని కలపకండి. పెచ్చులు హాచ్ (సిబ్బంది దిగే మూత) అంచున, సిబ్బంది ఎక్కే ఫెండరు మీద, పనిముట్లు బిగించిన చోట వస్తాయి. చిన్న స్పాంజి ముక్కను ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద అద్ది అద్ది దాదాపు పొడిగా అయ్యాక అంచులకు తాకించాలి. తడి ఎక్కువైతే పెచ్చు బదులు మచ్చ పడుతుంది. చక్రాల రబ్బరు మీద పెచ్చులు వేయకూడదు. రబ్బరు చిరుగుతుంది, పెచ్చులేవదు. ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) నేలను రాసుకునే అంచులు 'మెరుగెక్కుతాయి'. అక్కడ 6బి పెన్సిలు గ్రాఫైటు వేలితో రుద్దితే చాలు, వెండి రంగు అక్కర్లేదు.

సత్యనారాయణపురం: తుప్పు, చిలుము రెండూ రాయవచ్చా?

అరండల్‌పేట: చిలుము రాగి, ఇత్తడి మీద పచ్చగా పట్టేది. ఇక్కడ తుప్పు అనే రాయాలి. అదీ పొగగొట్టం రేకు మీదే నారింజ రంగులో. మందపాటి కవచం మీద ముదురు గోధుమే నప్పుతుంది. ఒళ్లంతా నారింజ పూస్తే పాడుబడ్డ ట్యాంకవుతుంది. అన్నట్టు, అతుకుల దగ్గర నింపే పుట్టీకి మన కొండపల్లి బొమ్మల వాళ్ల 'మక్కు' ఉండనే ఉంది, అదే వాడండి.

గవర్నరుపేట: చాలా బాగుందండీ, మక్కు తీసుకుంటాం. పిగ్మెంట్లు, ఆఖరి మ్యాట్ పూత మిగిలాయి.

బ్రాడీపేట: పిగ్మెంటు 'పొడి రంగు'. చేసే పని 'దుమ్ము పట్టించడం'. మ్యాట్ పూత ముందు, పొడి తర్వాత. పొడి మీద వార్నిష్ కొడితే తడిసి నల్లబడుతుంది, సగం కనిపించకుండా పోతుంది. పొడి చల్లాక పక్కనుంచి టర్పెంటాయిల్ చుక్క తాకిస్తే అదే పాకి, ఆరాక పట్టుకుంటుంది. మ్యాట్‌కి 'మెరుపు చంపే పూత' అనండి, పెయింటర్లు షైనింగ్ చంపడం అంటూనే ఉంటారు. వానాకాలం ఉక్కపోతలో కృష్ణ ఒడ్డున మ్యాట్ స్ప్రే కొట్టొద్దని పక్కనే రాయండి. గాలిలో తేమకు పూత తెల్లబారుతుంది. అలా అయితే పొడి వాతావరణం ఉన్న రోజు పల్చగా గ్లాస్ కొట్టి, అది ఆరాక మళ్లీ మ్యాట్ కొడితే చాలాసార్లు తెలుపు పోతుంది. అందుకే పొడి రంగు జోలికి అప్పటిదాకా వెళ్లకూడదు.