సైబర్ లా బట్టీ పట్టిస్తున్నాం, మరి ఎథిక్స్ ఎలా నేర్పాలి?

మధురవాడ లెక్చరర్:
ఇక్కడ వైజాగ్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ థర్డ్ ఇయర్‌కి సైబర్ లా, ఎథిక్స్ చెప్తున్నాను. మొన్న ఒక అబ్బాయి పైథాన్ స్క్రిప్ట్ రాసి, హాల్‌టికెట్ నంబర్లు వరసగా మార్చుకుంటూ బ్యాచ్ మొత్తం రిజల్ట్స్ లాగేసి, ఎవరికెన్ని బ్యాక్‌లాగ్స్ ఉన్నాయో షీట్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒకమ్మాయి రెండు రోజులు క్లాసుకే రాలేదు. వాడు చెడ్డవాడు కాదు, "సైట్‌లో ఓపెన్‌గానే ఉంది కదా మేడమ్" అంటున్నాడు. సెక్షన్ 66 మీద పది మార్కుల ప్రశ్నకి తొమ్మిది తెచ్చుకున్నదీ వాడే. నాకు నిద్ర పట్టడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సీతమ్మధార లాయర్:
మేడమ్, ఆ షీటే మీ పాఠం. 2000 నాటి ఐటీ చట్టంలో సెక్షన్ 43 అనుమతి లేకుండా డేటా తీసుకోవడం గురించి, అక్కడ నష్టపరిహారం. అదే పని మోసపు ఉద్దేశంతో చేస్తే 66, మూడేళ్ల వరకు జైలు. ఈ అబ్బాయి ఏ గీత దగ్గర ఉన్నాడో పిల్లల్నే వాదించమనండి. ఇంకోటి, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజ్‌లు పెడితే శిక్ష వేసే 66ఏ సెక్షన్ మీ నోట్స్‌లో ఉంటే వెంటనే తీసేయండి, 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది, అక్కడి విద్యార్థుల్ని ఒకపూట పిలవండి.

రుషికొండ డెవలపర్:
లా వేరే పేపర్‌గా ఉన్నంతకాలం అది పరీక్ష కోసమే మిగిలిపోతుందండీ. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో రేస్ కండిషన్, అంటే ఒకేసారి నడిచే రెండు పనుల్లో ఏది ముందు అయిందన్న దాన్నిబట్టి ఫలితం తప్పిపోయే లోపం, చెప్పేటప్పుడే థెరాక్-25 సంగతి చెప్పాలి. క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే మెషిన్ అది, పాత మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నారు, ఆపరేటర్ చకచకా ఎంట్రీ సరిదిద్దితే సెట్టింగులు తప్పేవి. 1985 నుంచి 1987 లోపు ఆరుగురికి మోతాదు విపరీతంగా మించి పడింది, కొందరు చనిపోయారు. మా కాలేజీలో ఆ చాప్టర్‌కి బ్యాంక్ అకౌంట్ ఉదాహరణ ఒక్కటే చెప్పారు. నా కోడ్ వల్ల మనిషికి దెబ్బ తగులుతుందని ఉద్యోగంలో చేరాక గానీ నాకు తట్టలేదు.

మధురవాడ లెక్చరర్:
ఇద్దరికీ థాంక్స్ అండీ. 66ఏ నోట్స్‌లో ఉంది, సిగ్గుగా ఉంది, ఇవాళే తీసేశాను. డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్ట్) చెప్పే సర్‌తో మాట్లాడాను, సోమవారం ల్యాబ్‌లో ఇద్దరం కలిసి కూర్చుంటాం, రిజల్ట్స్ సైట్ మనమే కడితే ఎవరికి ఏం కనబడాలి అన్నదే ఎక్సర్‌సైజ్. షీట్ మాత్రం ల్యాబ్‌లో చూపించను, ఆ అమ్మాయి మళ్లీ క్లాసుకి వస్తోంది.