కీమో తర్వాత ఒకటే వాంతులు, మాత్ర కూడా నిలవట్లేదు

నిద్రలేనివాడు:
నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్. సోమవారం కీమో ఎక్కించారు. మర్నాటి దాకా బాగానే ఉన్నారు, నిన్న రాత్రి నుంచి ఒకటే వాంతులు. వాంతులు ఆగడానికి ఒండాన్‌సెట్రాన్ వేస్తే ఆ మాత్రే కరగకుండా బయటికొస్తోంది. నెట్‌లో ఎక్కడ చూసినా "కొద్దికొద్దిగా తినిపించండి" అనే. మంచినీళ్లకే దిక్కులేదు, ఇంక తిండా! ఏం చేయాలో చెప్పండి.

సూటిమాట:
ఏ మందు? జ్వరమెంత? మూత్రం వస్తోందా?

పాతకాపు:
ముందు ఆయన చేత సిగరెట్ మానిపించండి బాబూ. ఎర్లోటినిబ్ లాంటి క్యాన్సర్ మందులు పొగతాగేవాళ్ల ఒంట్లో తొందరగా ఖర్చైపోతాయి. ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు, అదే నా బాధ.

నిద్రలేనివాడు:
ఆయన జన్మలో బీడీ కూడా ముట్టలేదండీ. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. కాగితంలో సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ అని ఉంది. జ్వరం 99. మూత్రం పొద్దున ఒక్కసారే, ముదురు పసుపు.

మాజీ నర్సు:
సిస్‌ప్లాటిన్ అని ముందే చెప్పాల్సింది. దాని వాంతులు రెండు విడతలు. మొదటి 24 గంటల్లో వచ్చేవి కొన్ని, 48–72 గంటల దగ్గర ముదిరేవి కొన్ని. రెండో విడతకి ఒండాన్‌సెట్రాన్ అంతగా పనిచేయదు, పైగా మలబద్ధకం. వాంతులకి డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్), అప్రెపిటెంట్, ఒలాంజపిన్ లాంటివేమీ రాయలేదా?

నిద్రలేనివాడు:
డెక్సా రాశారు. షుగర్ ఉందని పక్కన పెట్టాం. స్టెరాయిడ్‌కీ వాంతులకీ ఏం సంబంధం?

మాజీ నర్సు:
రాసిందే వాంతులకి. పెమెట్రెక్సెడ్ దద్దుర్లు రాకుండా కూడా అదే. షుగర్ చూసుకుంటూ ఎంత వేయాలో డాక్టర్ చెప్తారు. ఇప్పుడు మాత్రల సంగతి వదిలేయండి. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది. నీళ్లు నిలవక, మూత్రం తగ్గాక ఇంట్లో కూర్చోకూడదు. వార్డుకి ఫోన్ చేసి వెంటనే తీసుకెళ్లండి. సెలైన్ పెట్టి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, మెగ్నీషియం చూస్తారు. నొప్పులంటే డైక్లోఫెనాక్ మాత్రం వేయకండి, అదీ కిడ్నీల మీదే పడుతుంది.

మూడోవీధి:
మా బాబాయ్ కీమో మాత్రే వేసుకుంటారు, ఆసిమెర్టినిబ్. ఒక్క వాంతి లేదు. అదే అడగండి.

సూటిమాట:
అది కీమో కాదు, టార్గెటెడ్ మందు, అంటే క్యాన్సర్ కణాల్లోని ఫలానా మార్పుకే గురిపెట్టేది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటేనే ఇస్తారు.

మూడోవీధి:
క్యాన్సర్‌కి ఇచ్చేదంతా కీమోనే కదండీ.

సూటిమాట:
కాదు. దాని బాధలే వేరు. విరేచనాలు, దద్దుర్లు, గోళ్ల పక్కన పుండ్లు.

పాతకాపు:
ఏ మందైనా పొగ మానకపోతే...

మాజీ నర్సు:
ఆయన తాగరని చెప్పారు కదా అన్నయ్యా! కొడుకు గారూ, ఇంకో సంగతి. కీమో అయిన 7–14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 తాకితే పారాసెటమాల్ వేసి చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రైనా బయల్దేరాల్సిందే. సిస్‌ప్లాటిన్ వల్ల చెవుల్లో హోరుంటే అదీ డాక్టర్‌కి చెప్పండి.

నిద్రలేనివాడు:
సెలైన్ ఎక్కుతోంది. రాత్రికి ఒలాంజపిన్ రాశారు. థ్యాంక్సండీ, ఫోన్‌లో ఛార్జింగ్ లేదు.

మూడోవీధి:
ఇంతకీ ఆ మాత్ర గురించి అడిగారా?