పాత సీఎన్‌సీ లేతుకి సర్వో డ్రైవులు: ట్రాన్స్‌ఫార్మర్ సప్లై కట్టాలా, ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టాలా, ఏసీ సర్వోకే పోవాలా?

నరసాపురం లేత్ షెడ్డు

ఫ్లాట్ బెడ్ సీఎన్‌సీ లేతు, రెండు యాక్సిస్‌లు. కంట్రోలరూ పోయింది, మోటార్లకి కరెంటు ఇచ్చే పాత ఎస్‌సీఆర్ డ్రైవు బోర్డులూ కాలిపోయాయి. బెడ్డు, స్క్రూలు, బేరింగులు బాగున్నాయి. జడ్ (బెడ్డు పొడవునా క్యారేజీ కదిలే యాక్సిస్) స్క్రూ 40 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. పిచ్, మీటరు పొడవు. క్యారేజీ బరువు సుమారు 250 కిలోలు. మోటార్లు బ్రష్ డీసీ, వెనక టాకో (వేగం కొలిచే చిన్న జనరేటరు) ఉంది. జడ్ మోటారు ప్లేటు మీద: 1000 ఆర్‌పీఎమ్‌కి 40 వోల్టులు, ఆర్మేచర్ 0.7 ఓమ్, నిరంతరం 15 ఆంపియర్లు, పీక్ 45. ర్యాపిడ్ (కోత లేకుండా వేగంగా జరగడం) నిమిషానికి 10 మీటర్లు చాలు. పని ఎక్కువగా ఏరేటర్ షాఫ్టులు, బుష్షులు, బోటు ప్రొపెల్లర్ షాఫ్టులు.

రాత్రి చెరువుల మీద ఏరేటర్లన్నీ ఆన్ అయ్యాక ఫేజుకి 195 వోల్టులకి పడిపోతుంది. తెల్లారి అవి ఆపేశాక 250 చూపిస్తుంది. 80 వోల్టుల డీసీ డ్రైవులు రెండు, 72 వోల్టుల 1000 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (స్థిరమైన డీసీ ఇచ్చే ఎలక్ట్రానిక్ సప్లై) ఒకటి కోట్ చేశారు. ఇది సరిపోద్దా అండి?

రావులపాలెం ఎలక్ట్రికల్

సరిపోదండి. డ్రైవు ఎంచుకునే ముందు బస్సు (డ్రైవులకి అందే డీసీ లైను) వోల్టేజి లెక్క కట్టాలి, సప్లై ఏదో ఆ తర్వాతి మాట.

నిమిషానికి 10 మీటర్లంటే 10 మి.మీ. పిచ్ మీద 1000 ఆర్‌పీఎమ్. బ్యాక్ ఈఎమ్‌ఎఫ్ (తిరిగే మోటారు ఎదురుగా పుట్టించే వోల్టేజి) 40 వోల్టులు. పికప్‌లో (వేగం అందుకునేటప్పుడు) 30 ఆంపియర్లు ఇస్తే వైండింగులో 30 × 0.7 = 21 వోల్టులు. మొత్తం 61. బస్సు వోల్టేజి మొత్తం మోటారుకి ఇవ్వడం డ్రైవుకి కుదరదు కాబట్టి ఇంకో 10 శాతం వేసుకుంటే 67. ఇది లోడు మీద, మీ 195 వోల్టుల రాత్రి కూడా దొరకాల్సిన అంకె.

ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ 60 వోల్టులు చుట్టిస్తే 60 × 1.414 = 85, బ్రిడ్జిలో (ఏసీని డీసీ చేసే డయోడ్లు) 2 పోతే ఖాళీగా 83. లైను 195కి పడితే 70, లోడు పడ్డాక 67 దగ్గరికి వస్తుంది. లైను 250కి లేస్తే 90. అంటే తెల్లవారుజామున డ్రైవు ఏ పనీ చేయకముందే బస్సు 90 మీద ఉంటుంది. 80 వోల్టుల డ్రైవు ఇక్కడే పోయింది. 125 వోల్టులు, అంతకు పైన తట్టుకునే తరగతి కొనండి. నిరంతర కరెంటు 15, పీక్ 30 ఇవ్వగలిగితే చాలు. మోటారు ప్లేటు మీద 45 ఉంది కదా అని లిమిట్ అక్కడ పెట్టొద్దు. పాత ఫెర్రైట్ అయస్కాంతాలు పీక్ దాటితే బలం కోల్పోతాయి, పోయిన బలం తిరిగి రాదు.

తణుకు టర్నింగ్

లెక్క కాదనను గానీ, ఈ హెచ్చుతగ్గులకే కదండీ ఎస్‌ఎమ్‌పీఎస్ కావాల్సింది? మంచిదైతే లోపల 180 వచ్చినా 260 వచ్చినా బయట 72 నిలబడుద్ది. అప్పుడు 15 శాతం అదనపు మార్జిన్ పెట్టుకోనక్కర్లేదు. కావాల్సింది 67, ఉన్నది 72. 60 వోల్టుల వైండింగ్ చుట్టించడం, ఇరవై కిలోల ఇనుము ప్యానెల్లో బిగించడం, అది 100 హెర్ట్జ్‌లో గుర్రుమనడం, ఇవన్నీ దేనికి?

వాట్ల విషయంలో మాత్రం 1000 చాలదు, అది ఒప్పుకుంటా. పికప్ చివర్లో 61 వోల్టులు × 30 ఆంపియర్లు, అంటే 1830 వాట్లు లాగుద్ది. 2000 వాట్లది వేసుకోవాలి, లేదా పికప్ తగ్గించుకోవాలి. కట్టింగులో అయితే 200 ఆర్‌పీఎమ్ మీద 15 ఆంపియర్లకి 280 వాట్లు కూడా దాటదు.

రావులపాలెం ఎలక్ట్రికల్

తణుకు గారూ, లైను హెచ్చుతగ్గుల మాట నిజమే. కానీ మోటారు కరెంటు తీసుకోవడమే కాదు, ఆగేటప్పుడు తిరిగి తోస్తుంది. ఎస్‌ఎమ్‌పీఎస్‌కి ఇబ్బంది అక్కడ.

జడ్ యాక్సిస్ ఇనర్షియా (జడత్వం) చూడండి. 40 మి.మీ. స్క్రూ మీటరు పొడవుకి 0.002 కిలోగ్రాము మీటరు స్క్వేర్. 250 కిలోల క్యారేజీ 10 మి.మీ. పిచ్ ద్వారా మోటారుకి కనిపించేది 0.0006 మాత్రమే. అసలు బరువు పాత మోటారు ఆర్మేచర్‌దే, ఈ సైజులో 0.004 వేసుకోండి. మొత్తం 0.0066. వెయ్యి ఆర్‌పీఎమ్ అంటే సెకనుకి 104.7 రేడియన్లు. ½ × 0.0066 × 104.7² = 36 జౌళ్లు. ర్యాపిడ్ నుంచి ఆగిన ప్రతిసారీ వైండింగు, రాపిడి కొంత తినగా మిగిలింది బస్సు మీదకే వస్తుంది.

ఎస్‌ఎమ్‌పీఎస్ అవుట్‌పుట్‌లో 2,000 మైక్రోఫారడ్లు ఉన్నాయనుకోండి. 72 నుంచి మొదలై 36 జౌళ్లూ అందులోకే పోతే కాగితం మీద 200 వోల్టులు దాటుతుంది. అంతదాకా రాదు, ముందే ఓవర్‌వోల్టేజ్ రక్షణ పడి సప్లై ఆగిపోతుంది. థ్రెడ్డింగ్ పాస్ చివర వెనక్కి లాగే క్షణంలో ఆగిందంటే జాబు పోయినట్టే. అదే 44,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ బ్యాంకు అయితే 90 నుంచి 100కి లేచి అక్కడితో సరి. రెండు 22,000 పక్కపక్కన వేస్తే చాలు. 100 వోల్టుల కెపాసిటర్లు తీసుకోవద్దు, 160 వోల్టులవి తీసుకోండి, 105 డిగ్రీల రకం.

తణుకు టర్నింగ్

దానికీ దారి ఉందండి. ఎస్‌ఎమ్‌పీఎస్ ప్లస్ లైనులో ఒక డయోడు, దాని తర్వాత కెపాసిటర్, షంట్ రెగ్యులేటర్ (బస్సు వోల్టేజి ఎక్కువైతే మిగులు శక్తిని రెసిస్టరులో ఖర్చు చేసేది). తిరిగొచ్చే శక్తి డయోడు దాటి సప్లై వైపు పోదు. చాలా ప్యానెళ్లలో అలాగే నడుస్తున్నాయి.

రావులపాలెం ఎలక్ట్రికల్

నడుస్తాయి. ఒక్కటి చూసుకోండి: 44,000 మైక్రోఫారడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎస్‌ఎమ్‌పీఎస్‌కి అది షార్టులా కనిపిస్తుంది. ఓవర్‌లోడుకి ఆగి మళ్లీ ప్రయత్నించే రకమైతే ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుందే తప్ప అసలు లేవదు. కరెంటుని ఒక హద్దులో పట్టి అలాగే ఇస్తూ పోయే రకమే కావాలి. డేటాషీటులో ఓవర్‌లోడ్ రక్షణ ఏ రకమో రాసి ఉంటుంది. అప్పుడు డయోడు, కెపాసిటర్, షంట్ అన్నీ కొన్నట్టే. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే మిగిలింది. అది చెడితే రాజమండ్రిలో మళ్లీ చుట్టించుకోవచ్చు. 2000 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ ఉప్పుగాలికి లోపల పచ్చబారి పోతే నరసాపురంలో బాగుచేసేదెవరు?

షంట్ సెట్టింగు చెప్తాను, చాలామంది ఇక్కడే రెసిస్టరు కాల్చేసుకుంటారు. బస్సు సాధారణంగా 83 కదా అని షంట్‌ని 88కి పెడతారు. తెల్లారి లైను 250 అయ్యేసరికి బస్సే 90 ఉంటుంది. షంట్ వదలకుండా ఆన్‌లో ఉండిపోతుంది, 10 ఓమ్ రెసిస్టరు మీద 800 వాట్లు. మోటారు ఆగి ఉన్నా రెసిస్టరు ఎర్రబడుతుంది. 105కి ఆన్, 100కి ఆఫ్ పెట్టండి. 10 ఓమ్, 200 వాట్లది చాలు. సెకనుకోసారి ఆగినా సగటున 36 వాట్లే.

సామర్లకోట మెయింటెనెన్స్

ఇద్దరూ మోటార్లు బాగున్నాయనే నమ్మకం మీద మాట్లాడుతున్నారు. ముందు డ్రైవు తీగలు విప్పేసి 500 వోల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. తీగలు విప్పకుండా మెగ్గరు వేస్తే కొత్త డ్రైవు అప్పుడే పోతుంది. ఆర్మేచర్ నుంచి బాడీకి 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే కమ్యుటేటర్ (బ్రష్షులు తగిలే రాగి భాగం) మీద కార్బన్ పొడి, కూలెంట్ ఆవిరి కలిసి పేరుకుని ఉన్నాయి. తీరం పక్క తేమకి అది ముద్దలా అంటుకుపోతుంది. బ్రష్షులు తీసి, పొడి గాలి కొట్టి, ఆరబెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ లేవకపోతే ఆ మోటారు మీద డ్రైవు పెట్టడం వృథా. టాకో బ్రష్షులు కూడా చూడాలి. వాటిలో ఒకటి సరిగ్గా తగలకపోతే ఫినిషింగ్‌లో షాఫ్టు మీద సన్నని గీతలు పడతాయి, అందరూ టూలుని అనుమానిస్తారు.

నా ఓటు ఏసీ సర్వోకి. 130 మి.మీ. ఫ్లేంజి, 1 కిలోవాట్, 2000 ఆర్‌పీఎమ్ మోటారు నిరంతరం 4.77 న్యూటన్ మీటర్లు, పీక్‌లో దానికి మూడు రెట్లు ఇస్తుంది. మీ పాత జడ్ మోటారు లెక్క కడితే 15 ఆంపియర్లకి 5.7. స్వల్ప తేడా. అంతే కావాలంటే 1.5 కిలోవాట్ తీసుకోండి, 7.16 వస్తుంది. కొత్త రోటరు ఇనర్షియా 0.0008 కాబట్టి స్క్రూ, క్యారేజీ కలిపి 0.0026కి నిష్పత్తి మూడు చిల్లర, ట్యూనింగ్ హాయిగా కుదురుతుంది. ఆగేటప్పుడు వచ్చేది 36 కాదు, 19 జౌళ్లు. డ్రైవు లోపలి కెపాసిటర్లే చాలావరకు సర్దుకుంటాయి.

750 వాట్ల చిన్న మోటారు చవగ్గా వస్తుందని నేరుగా కప్లింగు వేసేవాళ్లున్నారు. దాని రోటరు 0.0001 దగ్గర ఉంటుంది. నిష్పత్తి ఇరవై దాటుతుంది, గెయిన్ (డ్రైవు స్పందించే తీవ్రత) పెంచితే కూత, తగ్గిస్తే టేపరు. అది వాడాలంటే 2:1 టైమింగ్ బెల్టు తప్పనిసరి. అప్పుడు కనిపించే ఇనర్షియా నాలుగో వంతు అవుతుంది.

నరసాపురం లేత్ షెడ్డు

మరి రాత్రి 195 వోల్టుల్లో ఏసీ డ్రైవు నిలబడుద్దా? ప్యానెల్లో పాత 415/200 త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, అదే వాడుకోవచ్చా?

సామర్లకోట మెయింటెనెన్స్

మంచి ప్రశ్న. 220 తరగతి డ్రైవుల్లో ఎక్కువ వాటికి త్రీఫేజ్ అయితే 170 నుంచి 255, సింగిల్ ఫేజ్ అయితే 200 నుంచి 255 అని ఉంటుంది. కాబట్టి 195 దగ్గర సింగిల్ ఫేజ్ మాట మర్చిపోండి. ఫేజుకి 195 అంటే లైనుకి 338. మీ 415/200 మీద అది 163 అవుతుంది, అండర్‌వోల్టేజ్ అలారం వస్తుంది. 415/220 అయితే 179, నడుస్తుంది. తెల్లారి 250కి లేచినా 230 దగ్గరే ఉంటుంది. పాతదానికి ప్రైమరీలో 380 ట్యాపు (వైండింగు మధ్యలోంచి తీసిన కనెక్షను) ఉందేమో చూడండి. అది వాడితే రాత్రి 178, పొద్దున 228. కొత్తది కొననక్కర్లేదు. 415ని నేరుగా 220 డ్రైవుకి ఇచ్చారంటే ఆన్ చేసిన క్షణమే లోపలి కెపాసిటర్లు పేలతాయి.

తణుకు టర్నింగ్

కంట్రోలరు సంగతి కలుపుకోకుండా డ్రైవు తేల్చలేమండి. లైనక్స్‌సీఎన్‌సీ (కంప్యూటర్‌తో మిషను నడిపే సాఫ్ట్‌వేర్) పెడితే టాకో ఉన్న డీసీ డ్రైవులకి ±10 వోల్టులు ఇచ్చే మెసా 7ఐ77 కార్డు కావాలి, ఎన్‌కోడర్లు (స్థానం చెప్పే సెన్సర్లు) కూడా దానికే వస్తాయి. ఏసీ సర్వోలకి పల్స్, డైరెక్షన్ చాలు. కానీ చుట్టుకి 10,000 పల్సులు పెట్టి 2000 ఆర్‌పీఎమ్ తిప్పితే సెకనుకి 3,33,000 పల్సులు. పాత కంప్యూటర్ ప్యారలల్ పోర్టు అందులో పదో వంతు కూడా నమ్మకంగా ఇవ్వలేదు. దాన్ని నమ్ముకుని ఏసీ సర్వో కొంటే ర్యాపిడ్ సగానికి సగం కూడా రాదు.

నరసాపురం లేత్ షెడ్డు

మెగ్గరు వేశాం. జడ్ శుభ్రం చేశాక 8 మెగా ఓమ్, ఎక్స్ 12. ఇంకో మాట: 60 వోల్టులు చుట్టించే బదులు ఆటోట్రాన్స్‌ఫార్మర్‌తో దించి బ్రిడ్జి పెట్టొచ్చని ఒకరన్నారు. చవక కదా?

రావులపాలెం ఎలక్ట్రికల్

వద్దు. ఈ తరగతి డీసీ డ్రైవుల్లో చాలావాటికి సిగ్నల్ గ్రౌండు, పవర్ మైనస్ లోపల ఒకటే. ఆటోట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ, సెకండరీ విడిగా ఉండవు కాబట్టి బ్రిడ్జి తర్వాత ఆ మైనస్ లైను కరెంటు మీద తేలుతుంది. ±10 తీగ గుండా కంట్రోలరు కార్డు, కంప్యూటర్ క్యాబినెట్ దాకా షాక్ వస్తుంది. దయచేసి ఎవరూ చేయకండి. విడి సెకండరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మరే కావాలి. దాని బ్రిడ్జి మైనస్‌ని ప్యానెల్లో ఒక్క చోట ఎర్తు బారుకి కలపండి.

8, 12 మెగా ఓమ్ వచ్చాయి కాబట్టి నా మాట డీసీయే. 1 కేవీఏ టొరాయిడ్ (ఉంగరం ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్) రెండు యాక్సిస్‌లకీ చాలు. పికప్ 70 మిల్లీసెకన్ల పని, అంతసేపు రెట్టింపు లోడుని అది మోస్తుంది. ఆన్ చేయగానే ఎమ్‌సీబీ పడిపోకుండా ప్రైమరీలో 22 ఓమ్ 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు, ఒక సెకను తర్వాత దాన్ని రిలేతో షార్ట్ చేయాలి. బ్యాంకు మీద 470 ఓమ్ 50 వాట్ల బ్లీడరు రెసిస్టరు తప్పదు, కరెంటు ఆపాక 45 సెకన్లలో 10 వోల్టుల కిందకి దించుతుంది. ఎమర్జెన్సీ స్టాపు కాంటాక్టరు ఏసీ వైపు పెట్టి, అదే బటన్‌తో డ్రైవుల ఎనేబుల్ కూడా తీయండి. కెపాసిటరుకీ డ్రైవుకీ మధ్య కాంటాక్టరు పెడితే ఆగేటప్పుడు వచ్చే 36 జౌళ్లకి పోయే చోటు ఉండదు, డ్రైవు ఔట్.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మోటారుని స్క్రూ నుంచి విడదీసి, కరెంటు లిమిట్ 3 ఆంపియర్లకి దించండి. టాకో తీగలు తిరగబడి ఉంటే కమాండ్ సున్నా ఉన్నా మోటారు పూర్తి వేగంతో పరిగెడుతుంది. అప్పుడు టాకో రెండు తీగలు మార్చండి, మోటారు తీగలు కదపొద్దు.

సామర్లకోట మెయింటెనెన్స్

మోటార్లు అంత బాగుంటే ఈసారికి డీసీ కానివ్వండి, కాదనను. కానీ మోటారు మౌంటింగు ప్లేటు తీసినప్పుడే 130 మి.మీ. ఫ్లేంజి రంధ్రాలు కూడా డ్రిల్లు వేయించి ఉంచుకోండి. పెద్ద ఆర్మేచర్ తిరిగి చుట్టే మనిషి దొరకని రోజు వస్తే మిషను ఆగిపోకూడదు.