హెచ్‌ఐవీ మాత్ర టీఎల్‌డీ వాడేవాళ్ల కిడ్నీలు: టెనోఫోవిర్ మార్చాలా, వద్దా?

కవిటి అమ్మాయి:
మా అమ్మకు 52 ఏళ్లు, బరువు 45 కిలోలు. హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే టీఎల్‌డీ (మూడు మందులు కలిసిన) మాత్ర వేసుకుంటోంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మొదలుపెట్టక ముందు 0.8, నెల తర్వాత 0.9, ఇప్పుడు 1.1. రిపోర్టులో నార్మల్ అనే ఉంది. మాది ఉద్దానం కదా, కిడ్నీ అంటేనే ఇంట్లో అందరికీ టెన్షన్. కొన్నాళ్లు మాత్ర ఆపేస్తానంటోంది అమ్మ.

తీరం:
ఆపొద్దు, మార్పించండి. టీఎల్‌డీలో 300 మిల్లీగ్రాముల టెనోఫోవిర్ ఉంటుంది. కొందరికి అదే కిడ్నీల్లోని సన్నని నాళాలను దెబ్బతీస్తుంది. టెనోఫోవిర్‌లోనే కొత్త రకం, టీఏఎఫ్, 25 మిల్లీగ్రాములు సరిపోతుంది, కిడ్నీల మీద భారం తక్కువ. ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు ఉన్న ఉద్దానంలో అందరికీ అదే ఇవ్వాలి. దెబ్బ తగిలాక మారిస్తే ఏం లాభం?

నిలకడ:
తీరం గారూ, మీ బాధ న్యాయమే, కానీ అందరికీ మార్చాలంటే ఒప్పుకోను. టీఏఎఫ్‌తో కొందరికి బరువు, కొలెస్ట్రాల్ పెరుగుతాయి. మార్చాల్సినవాళ్లను ముందే పట్టుకోవడమే అసలు పని, అక్కడే మనం వెనకబడ్డాం.

అమ్మాయీ, ఆ 'నార్మల్' చూసి ఊరుకోకు. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో అంచనా వేయడానికి ఒక లెక్క ఉంది: 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే దాన్ని 0.85తో హెచ్చించాలి. మీ అమ్మకు దాదాపు 42 వస్తుంది. 50 కంటే తగ్గితే మామూలుగా ఈ టెనోఫోవిర్ ఇవ్వరు. సన్నగా ఉన్నవాళ్లలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ మంచిగానే కనిపిస్తుంది.

తీరం:
చూశారా! మార్చాల్సిందేగా?

నిలకడ:
మార్చాల్సి రావచ్చు. కానీ అదే మాత్రలోని డోలుటెగ్రావిర్ కిడ్నీని ఏమీ చేయకుండానే క్రియాటినిన్‌ను 0.1, 0.2 పెంచుతుంది. అది మొదటి నెలలోనే పెరిగి ఆగుతుంది. 0.8 నుంచి 0.9 దానివల్లే అనుకోవచ్చు. తర్వాత 1.1కి ఎందుకు ఎక్కిందో చూడాలి. మూత్రంలో ప్రోటీన్, చక్కెర చూపించండి. రక్తంలో షుగర్ మామూలుగా ఉండి మూత్రంలో కనబడితే, టెనోఫోవిర్ దెబ్బను అనుమానించాలి.

కవిటి అమ్మాయి:
మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుంటుంది. జీడితోటలో పనికెళ్లిన రోజు తప్పకుండా వేసుకుంటుంది.

నిలకడ:
ముందు అది ఆపించమ్మా. టెనోఫోవిర్‌తో డైక్లోఫెనాక్ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్న కేసులున్నాయి. పైగా ఎండలో, నీళ్లు సరిగా తాగకుండా! నొప్పికి పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌ని అడుగు.

హెచ్‌ఐవీ మాత్ర మాత్రం సొంతంగా ఆపనివ్వొద్దు. 2006లో వచ్చిన స్మార్ట్ అధ్యయనంలో మందులు ఆపి ఆపి వాడినవాళ్లలో మరణాలతో పాటు గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులు కూడా ఎక్కువయ్యాయి. వైరస్ కూడా కిడ్నీని పాడు చేస్తుంది. హెపటైటిస్ బి ఉంటే టెనోఫోవిర్ హఠాత్తుగా ఆపడం కాలేయానికే ప్రమాదం.

తీరం:
సరే, అందరికీ అనే మాట వదిలేస్తాను. కానీ సన్నగా ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఈ లెక్క రిపోర్టు మీదే రాసివ్వాలి.

నిలకడ:
అది నూటికి నూరుపాళ్లు నిజం. అమ్మాయీ, పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఈ వారమే ఏఆర్‌టీ డాక్టర్ దగ్గరికెళ్లు. టెనోఫోవిర్ బదులు అబాకావిర్ అనే మందు ఉన్న మాత్ర కుదురుతుందా, హెపటైటిస్ బి పరీక్ష అయిందా అని రెండూ అడుగు. డైక్లోఫెనాక్ సంగతి కూడా దాచకుండా చెప్పు.