పక్కింటి రోమా పాప గురించి: ఫోన్ చేయాలా వద్దా?

స్వాతి:
మాది ఐర్లాండ్‌లోని డబ్లిన్. మూడు నెలల క్రితం పక్కింట్లోకి రొమేనియా నుంచి వచ్చిన రోమా కుటుంబం (జిప్సీలంటారే, వాళ్లు) దిగింది. పెద్దవాళ్లు నలుగురు. పిల్లలెంతమందో నాకింకా లెక్క తేలలేదు. వాళ్లలో ఒక పాపది తెల్లటి ఒళ్లు, రాగిరంగు జుట్టు, ఇంట్లో ఎవరి పోలికా లేదు. "మీ అమ్మేది?" అంటే "ఇటలీలో" అంది. ఆఫీసులో ఈ మాట చెప్తే ఒకావిడ "వాళ్లు పిల్లల్ని ఎత్తుకొస్తారు, వెంటనే గార్డాకి (ఇక్కడి పోలీసులకి) ఫోన్ చెయ్" అంది. పైగా మొన్న వాళ్లింటికెళ్లి వంటింటి సింకులో చెయ్యి కడుక్కోబోతే ఇంటావిడ గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపేసింది. నా మొహం మాడిపోయింది. ఏం చేయమంటారు? టెన్షన్‌గా ఉంది.

రవి:
చేసెయ్యండి. తప్పు లేకపోతే వాళ్లకేం భయం?

పద్మ:
భయం వాళ్లకే రవిగారూ. 2013 అక్టోబర్‌లో నేనిక్కడే ఉన్నాను. గ్రీసులో రోమా ఇంట్లో బంగారు జుట్టు పాప దొరికిందని టీవీల్లో గోల. ఆ వారమే ఎవరో ఫేస్‌బుక్‌లో ఒక విలేకరికి మెసేజ్ పెట్టారు, అది గార్డాకి చేరింది. మన డబ్లిన్ పక్కనే టాలాలో ఒక రోమా కుటుంబంలోని ఏడేళ్ల పాపని ఇంట్లోంచి తీసుకెళ్లిపోయారు. బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ చూపించినా వినలేదు. అథ్లోన్ అనే ఊళ్లో రెండేళ్ల రోమా బాబునీ అంతే. పాపకి డీఎన్ఏ పరీక్ష చేశారు. చివరికి ఇద్దరూ ఆ ఇళ్ల పిల్లలేనని తేలింది. పాప రెండు రాత్రులు అమ్మకి దూరంగా పడుకుంది. 2014లో, అప్పట్లో ఇక్కడ పిల్లల హక్కుల అధికారి (అంబుడ్స్‌మన్) అయిన ఎమిలీ లోగన్ విచారణ నివేదిక వచ్చాక ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. గ్రీసు పాప కన్నతల్లి కూడా బల్గేరియాకి చెందిన రోమా ఆవిడేనని తేలింది!

పాప ఒంటిమీద దెబ్బలుంటే, ఆకలితో కనిపిస్తే ఫోన్ చేయండి, నేనూ చేస్తాను. జుట్టు రంగు చూసి మాత్రం వద్దు. అమ్మ పనికోసం వేరే దేశం వెళ్తే పిల్లలు అత్త దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరగడం మనకి తెలియనిదా?

ఇక సింకు సంగతి. చాలా రోమా కుటుంబాల్లో మన మైల లాంటి పట్టింపు ఉంటుంది, మహ్రిమే అంటారు. గిన్నెలు తోమేచోట చేతులు కడగకూడదు. నడుముకి పైన వేసుకునే బట్టలు, కింద వేసుకునేవి కలిపి ఉతకరు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. మా నాయనమ్మైతే గుమ్మంలోంచే అరిచేది.

రవి:
టాలా సంగతి నాకు తెలీదండీ. ఫోన్ చేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

స్వాతి:
నిన్న మళ్లీ వెళ్లాను. పాప ఇంటాయన చెల్లెలి కూతురట. వాళ్లమ్మ ఇటలీలో తోటల్లో పళ్లు కోస్తుంది, రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తుంది. మాటల్లో పాప వాళ్ల భాషలో నీళ్లడిగింది, అచ్చం హిందీలోలాగే "పానీ" అని. ఉలిక్కిపడ్డాను. ఈసారి చేతులు బాత్రూంలో కడుక్కున్నా. ఇంటావిడ తువ్వాలు తెచ్చిచ్చింది. నేను మొహం కూడా తుడుచుకోబోతే నవ్వుతూ లాక్కుని ఇంకోటి ఇచ్చింది.